కువారీ పాస్ జనవరిలో: చుట్టి రావాలా, ఎక్కిన దారినే దిగాలా?

ఏటిగట్టు నడక, అమలాపురం:
అమలాపురం, భీమవరం నుంచి ఎనిమిది మందిమి జనవరి ఆఖర్లో ఉత్తరాఖండ్ వెళ్తున్నామండి. జోషీమఠ్ దగ్గర ఢాక్‌లో మొదలెట్టి గులింగ్, ఖుల్లారా మీదుగా కువారీ పాస్ (కొండల మధ్య కనుమ) చూసుకుని, తాళి, గోర్సన్ బుగ్యాల్ (కొండమీది గడ్డి మైదానం) మీదుగా ఔలీకి దిగుదామని సగం మంది. పాస్ చూసి మళ్లీ ఢాక్‌కే దిగిపోదామని మిగతా సగం. లోతు మంచులో స్నోషూలే (బూట్ల కింద కట్టుకునే వెడల్పు పలకలు) వాడతాం. ఏది సబబో కారణంతో చెప్పండి.

లంకగాలి, రావులపాలెం:
ఎక్కిన దారినే దిగండి. స్నోషూ మెత్తటి మంచులో కాలు దిగబడకుండా చూస్తుంది, నిటారుగా ఎక్కేటప్పుడు కింది పళ్లు పట్టు ఇస్తాయి. వాలుకి అడ్డంగా నడిస్తే మాత్రం అదే పెద్ద ఇబ్బంది. పలకంతా ఆనదు, కొండవైపు అంచు ఒక్కటే ఆనుతుంది. మడమ లోయవైపు జారుతుంది, చీలమండ మెలిపడుతుంది. తాళి నుంచి గోర్సన్ వెళ్లే బాటలో సరిగ్గా అలాంటి ఇరుకు భాగాలున్నాయి. మంచు పేరుకుంటే బాట పూడిపోయి వాలులో కలిసిపోతుంది. అక్కడ స్నోషూలు విప్పి క్రాంపాన్లు (బూట్ల కింద కట్టే పొడవాటి లోహపు ముళ్లు) కట్టాలి, ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) చేతిలో ఉండాలి. అది వాడటం రానివాడు ఒక్కడున్నా జట్టంతా అక్కడే ఆగిపోతుంది.

ఇక మంచు సంగతి. ఈ దారి చాలావరకు ఉత్తరం వైపు చూసే వాలు. జనవరి ఎండ సరిగ్గా తగలదు. మంచు పల్చగా ఉండి చలి ముదిరితే అడుగుపొర పంచదార పలుకుల్లా విడివిడి గింజలైపోతుంది. దాని మీద పడిన కొత్త మంచుకి పట్టు ఉండదు, వారాల తరబడి అలాగే ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు అయితే మనిషి బరువుకే తెగి జారొచ్చు. అడుగు వేయగానే ధబ్‌మని కుంగిన చప్పుడు వచ్చినా, స్నోషూ కొస నుంచి పగులు సాగినా ఆ వాలు వదిలేయాల్సిందే. ఎక్కిన దారిలో అయితే ఏ వాలు ఎలా ఉందో పొద్దున్నే కాలికి తెలిసి ఉంటుంది. తాళి వైపు అది ఆఖరి రోజు, అలసిపోయాక తెలుస్తుంది.

ఇంకో మాట. ఔలీలో బండి ముందే మాట్లాడుకుంటే, వెనక్కి తిరగాల్సిన చోట కూడా "బండి అటుంది కదా" అని ముందుకే పోతారు.

గౌతమి పాయ, యానాం:
అడ్డవాలు గురించి ఒప్పుకుంటాను గానీ, ఢాక్ దారి అంత సులువని చెప్పకండి. శీతాకాలంలో కూడా జట్లు నడిచే దారి అది. తొక్కీ తొక్కీ అడవిలో మంచు గాజులా గట్టిపడుతుంది. దిగేటప్పుడు స్నోషూ ముందు కొస తట్టుకుని బోర్లా పడతారు. అక్కడ అవి వీపున కట్టుకుని, బూట్లకి తొడుక్కునే చిన్న ముళ్ల పట్టీలైన మైక్రోస్పైక్స్‌తో దిగాల్సిందే. స్నోషూకి సరైన నేల గోర్సన్ బుగ్యాలే, తేలిక వాలు, తెరిపి మైదానం. పైగా ఔలీకి రోడ్డుంది, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు కాసే పోలీసు దళం) పర్వతారోహణ, స్కీయింగ్ సంస్థ ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే అటు దిగితేనే సాయం దగ్గర. రోప్‌వేని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఆపేశారు.

బుగ్యాల్ మీద రాత్రి బసను 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు నిషేధించింది. కాబట్టి గుడారం తాళి అడవిలోనే. అక్కడి నుంచి ఔలీ ఒక్క పగల్లో అవ్వాలి. కొత్త మంచులో గంటకి కిలోమీటరు, కిలోమీటరున్నర కంటే సాగదు. ముందు నడిచి దారి తొక్కేవాడిని పది నిమిషాలకోసారి మార్చండి. సాయంత్రం ఆరులోపే పొద్దు పోతుంది.

కొబ్బరితోట, అంబాజీపేట:
అవలాంచ్ బీకన్ (జారిన మంచు కింద పూడిపోయినవాడి జాడ చెప్పే రేడియో పరికరం) గైడ్ దగ్గర ఒకటుంటే చాలదాండి?

లంకగాలి, రావులపాలెం:
చాలదండి. పూడిపోయినవాడి దగ్గరా, వెతికేవాడి దగ్గరా ఉంటేనే అది పనిచేస్తుంది. మనిషికొక బీకన్, ఒక ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), ఒక లోహపు పార. ప్లాస్టిక్ పార గట్టి మంచులో విరుగుతుంది. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు, అరగంటకి మూడోవంతు మందే. ఆ వ్యవధిలో బయటినుంచి ఎవరూ రాలేరు, తవ్వాల్సింది పక్కవాడే. బీకన్ నుంచి ఫోన్ 20 సెంటీమీటర్లు దూరంగా పెట్టండి, వెతికేటప్పుడు 50. వెళ్లేముందు అంతర్వేది ఇసుకలో ఒక బీకన్‌ని సంచిలో చుట్టి పాతిపెట్టి, గడియారం పట్టుకుని వెతకండి. ఇంటికొచ్చాక స్నోషూ పళ్లని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, మన ఉప్పుగాలికి రివెట్లు ఇట్టే తుప్పు పడతాయి.

గౌతమి పాయ, యానాం:
ఒక పని చేస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది. లూప్‌ని తిరగేయండి. ఔలీలో మొదలెట్టి ముందు గోర్సన్, ఆ అడ్డబాట, తాళి, తర్వాత పాస్, చివరికి ఢాక్. కష్టమైన చోటు కాళ్లలో సత్తువ ఉండగానే వస్తుంది. బాగోకపోతే అదే పూట ఔలీకి తిరిగొచ్చేయొచ్చు.

లంకగాలి, రావులపాలెం:
తిరగేస్తే నా అభ్యంతరం సగం పోయినట్టే. కానీ ఎత్తు చూసుకోండి. కోనసీమ దాదాపు సముద్రమట్టం, ఔలీ పైభాగం 3,000 మీటర్లు. జోషీమఠ్‌లో ఒక రాత్రి, ఔలీలో రెండు రాత్రులు ఉండి కదలండి. 3,000 దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. తలనొప్పితో పాటు వాంతి వస్తే ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే దిగాలి.

ఏటిగట్టు నడక, అమలాపురం:
అయితే ఔలీ నుంచే మొదలెడతామండి. రెండు రాత్రులు అదనంగా కలిపి రైలు టిక్కెట్లు మారుస్తున్నాం. ఢాక్‌లో బండి ముందే మాట్లాడం, దిగాక చూసుకుంటాం. అడ్డబాట దగ్గరికొచ్చాక ఒక్కరు వద్దన్నా అందరం వెనక్కే.

గౌతమి పాయ, యానాం:
ఆ మాట గైడ్‌కి కూడా జోషీమఠ్‌లోనే చెప్పేయండి. ముందురోజు 30 సెంటీమీటర్లు మించి మంచు పడితే రెండు రోజులు ఔలీ నుంచి కదలకండి.