శాంపిల్ 30 ఉంటే నార్మల్ అనుకోవచ్చా?

తొలి_రిపోర్ట్: ఒకే రకం పరికరాలు 30 పరీక్షించాను. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. ఫెయిల్యూర్ రేటుకి 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (ఈ పద్ధతి పదే పదే వాడితే నూటికి 95 సార్లు అసలు రేటుని పట్టుకోవాల్సిన హద్దులు) కట్టమన్నారు. నార్మల్ (గంట ఆకారపు) ఉజ్జాయింపుతో వచ్చే మామూలు ఫార్ములాలో వేస్తే 0 నుంచి 0 అని వచ్చింది! "ఎన్ (శాంపిల్ సంఖ్య) 30 ఉంది కదా, సెంట్రల్ లిమిట్ థియరం చూసుకుంటుంది, అలాగే ఇచ్చెయ్" అంటున్నారు మా టీమ్‌లో పెద్దాయన. శాంపిల్ పెద్దదయ్యే కొద్దీ సగటు నార్మల్‌కి దగ్గరవుతుందని చెప్పే సిద్ధాంతం అది. నాకు మనసొప్పడం లేదు. ఈ 30 అనే అంకెని నమ్మొచ్చా?

పాఠం_చెప్పే_మాస్టారు: ఏళ్ల తరబడి క్లాసులో 30 అనే చెప్తున్నానమ్మా. డేటా మరీ ఒక పక్కకి ఒరిగిపోకపోతే అంత కూడా అక్కర్లేదు. వెనకటికి కంప్యూటర్లో నార్మల్ సంఖ్యలు కావాలంటే 0కీ 1కీ మధ్య యూనిఫాం (ఏ విలువైనా సమాన అవకాశంతో వచ్చే) సంఖ్యలు 12 కలిపి, అందులోంచి 6 తీసేసేవాళ్లు. 12తోనే పని గడిచింది.

తోక_దగ్గర_చూడండి: మాస్టారూ, యూనిఫాం రెండు పక్కలా సమానం కాబట్టి కుదిరింది. కుడి పక్క పొడవాటి తోక ఉండే ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ తీసుకోండి, దాని స్క్యూనెస్ (ఒక పక్కకి ఒరుగుదల కొలత; నార్మల్‌కి 0) 2. 30 విలువల సగటు తీసుకున్నా ఇంకా 0.37 మిగులుతుంది. గ్రాఫ్ మధ్యలో చూస్తే అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ సగటు దాని స్టాండర్డ్ డీవియేషన్‌కి మూడు రెట్లు పైకి దాటే సంభావ్యత నార్మల్ ప్రకారం 0.00135, ఎక్స్‌పొనెన్షియల్ విలువల మొత్తానికి వచ్చే గామా డిస్ట్రిబ్యూషన్‌తో అసలు లెక్క కడితే సుమారు 0.004. మూడింతలు! నార్మల్ ఉజ్జాయింపులో తప్పు ఎంత దాటదో చెప్తూ గణితజ్ఞులు బెర్రీ 1941లో, ఎస్సీన్ 1942లో ఇచ్చిన హద్దు చూడండి: తప్పు 1/√ఎన్ చొప్పున తగ్గుతుంది, ముందున్న గుణకం మాత్రం మూడో మూమెంట్‌ని (సగటు నుంచి దూరాల ఘనాల సగటుని) బట్టి మారుతుంది. అందులో 30 ఎక్కడా లేదు. తోకలు మరీ బరువైన కోషీ డిస్ట్రిబ్యూషన్ అయితే లక్ష విలువల సగటు కూడా ఒక్క విలువ ఊగినట్టే ఊగుతుంది.

ఇక అడిగినవారి సంగతి. అసలు రేటు 1% అనుకోండి. 30లో ఒక్కటీ ఫెయిల్ కాని సంభావ్యత 0.99ని 30 సార్లు గుణిస్తే వస్తుంది: 0.74. అంటే నూటికి 74 సార్లు ఈ 0–0 ఇంటర్వలే చేతికొస్తుంది, అందులో 1% ఉండదు. పేరుకి 95%, నిజంగా పట్టేది 26%.

రీశాంప్లింగ్_పక్షం: ఈ గొడవంతా ఎందుకండీ? 1979లో ఎఫ్రాన్ ఇచ్చిన బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసే పద్ధతి) వాడండి, నార్మల్ అనుకోవాల్సిన పనే లేదు.

తోక_దగ్గర_చూడండి: ఈ డేటా మీద చేసి చూడండి. ముప్ఫై సున్నాల్లోంచి ఎన్నిసార్లు తీసినా సున్నాలే వస్తాయి. మళ్లీ 0 నుంచి 0. బూట్‌స్ట్రాప్ హామీ కూడా ఎన్ పెద్దదైతేనే.

రీశాంప్లింగ్_పక్షం: నిజమే, ఇక్కడ పనికిరాదు. స్క్యూ ఉన్న సగటులకి మాత్రం దాన్ని వదలను.

పాఠం_చెప్పే_మాస్టారు: బైనామియల్‌కి (ఎన్ పరీక్షల్లో ఎన్ని ఫెయిలయ్యాయో లెక్కకి) నార్మల్ వాడాలంటే ఎన్‌పి, అంటే ఎన్‌ని ఫెయిల్యూర్ రేటు పితో గుణిస్తే వచ్చేది, కనీసం 5 ఉండాలని కూడా క్లాసులో చెప్తాం. ఇక్కడ 1% అనుకుంటే అది 0.3. పెద్దాయనకి 30 గుర్తుంది, ఈ షరతు గుర్తులేదు. అది మా బోధనలో లోపమే, ఒప్పుకుంటాను. కానీ ఉజ్జాయింపునే తప్పుపట్టకండి. పి మారకుండా ఎన్ పెరిగితే నార్మల్ వస్తుంది, ఎన్‌పి మారకుండా ఎన్ పెరిగితే పాయిసాన్ (అరుదైన సంఘటనల లెక్కకి వాడే డిస్ట్రిబ్యూషన్) వస్తుంది. అరుదైన సంఘటనకి రెండోదే సరైన దారి. ఇదే ఉదాహరణలో ఒక్కటీ ఫెయిల్ కాని సంభావ్యతకి పాయిసాన్ 0.7408 ఇస్తుంది, అసలు విలువ 0.7397. అదే ఎన్, అదే 30! ఏ లిమిట్ వైపు నడుస్తున్నామో చూసుకోవాలమ్మా.

ఆ పాయిసాన్ నుంచే సులువైన సూత్రం ఒకటి వస్తుంది: ఒక్కటీ ఫెయిల్ కాకపోతే 95% పైహద్దు 3ని ఎన్‌తో భాగించినంత. మీకు 10%. బైనామియల్‌తో కచ్చితంగా కడితే 9.5%.

తొలి_రిపోర్ట్: చాలా థాంక్స్ మాస్టారూ. 0–0 తీసేసి, "30లో 0 ఫెయిల్యూర్లు, 95% పైహద్దు 9.5%" అని రాశాను. 1% లోపే అని చెప్పాలంటే దాదాపు 300 పరీక్షించాలి, అదీ ఒక్కటీ ఫెయిల్ కాకుండా. ఆ లెక్క పెద్దాయన ముందు పెట్టాను. ఇంకో 270 పరికరాలు అడుగుదాం అన్నారు.