షిప్ దిగి ఒక్కరోజులో రోమ్, అమ్మానాన్నలతో సాధ్యమేనా?

అక్టోబర్‌లో మా క్రూయిజ్ ఒక ఆదివారం చివిటావెక్కియా పోర్టులో ఆగుతుందండి, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. అక్కడి నుంచి లోకల్ ట్రైన్‌లో రోమ్ వెళ్లి, శాన్ పియెట్రో స్టేషన్‌లో దిగి, సెయింట్ పీటర్స్ చర్చి చూసి, తర్వాత కొలోసియంకి వెళ్దామని ప్లాన్. వాటికన్ మ్యూజియం ఎలాగూ లేదు, నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసేస్తారు. అయితే ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు పోప్ కిటికీలోంచి ప్రార్థన చెప్తారు కదా, ఆ జనంలో ఇరుక్కుపోతామా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఆ రాళ్లు పరిచిన వీధుల్లో ఎక్కువసేపు నడవలేరు (ఒప్పుకోరనుకోండి, అది వేరే విషయం). చర్చి నుంచి కొలోసియంకి మెట్రో అయితే మధ్యలో లైన్ మారాలి, దానికంటే టాక్సీ నయమా? కొలోసియం టికెట్‌కి టైమ్ ముందే ఎంచుకోవాలి, ఏ టైమ్ పెట్టుకుంటే తిరిగి షిప్ అందుకునే టెన్షన్ ఉండదు? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.