నమ్మకం లేని కోడ్ నడిపే శాండ్‌బాక్స్‌ను ఎలా పరీక్షించాలి? టెస్టులన్నీ గ్రీన్, అయినా అనుమానం

మధురవాడ ల్యాబ్ (ప్రశ్న):

గ్రూపులో అందరికీ నమస్తే. మధురవాడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లలు బ్రౌజర్‌లోనే ప్రోగ్రాం రాసి సబ్మిట్ కొడితే, మా సర్వర్‌లో అది నడిచి, జవాబు సరిపోయిందో లేదో చెప్పే చిన్న జడ్జి ఒకటి తయారుచేసుకున్నాం. సీ, సీ ప్లస్‌ప్లస్, జావా, పైథాన్ నడుస్తాయి. ఒక్కో సబ్మిషన్‌కి ఒక్కో డాకర్ కంటైనర్, అంటే ప్రోగ్రాంను మిగతా సర్వర్‌కి అంటకుండా విడిగా నడిపే గది (శాండ్‌బాక్స్). మెమరీ 256 ఎంబీ, టైమ్ 2 సెకన్లు, నెట్‌వర్క్ ఆఫ్, ప్రాసెస్‌ల సంఖ్యకీ ఒక పరిమితి.

ఇప్పటిదాకా మా పిల్లలే వాడారు. వచ్చే నెల కోడింగ్ పోటీకి గాజువాక, అనకాపల్లి, విజయనగరం కాలేజీల నుంచి కూడా వస్తున్నారు. ఎవరు ఏం రాసి పంపుతారో మన చేతిలో ఉండదు. అందుకని కొన్ని కొంటె ప్రోగ్రాములు రాసి నడిపి చూశాను. ఆగని లూపు, ఫోర్క్ బాంబు (తన కాపీలను ఆగకుండా పుట్టించుకుంటూ పోయే ప్రోగ్రాం), పాస్‌వర్డులుండే షాడో ఫైల్ చదవడం, గూగుల్ పేజీ తెరవడం. అన్నీ ఆగిపోయాయి. టెస్టులన్నీ గ్రీన్ (పాస్). అయినా ప్రిన్సిపాల్ గారు "సేఫేనా?" అని అడిగితే ధైర్యంగా అవునని చెప్పలేకపోతున్నాను. ఇంకా ఏ టెస్టులు రాయాలి?

గాజువాక:

అన్నా, కోడ్‌లో సిస్టమ్, ఫోర్క్, ఇంపోర్ట్ ఓఎస్ లాంటి మాటలు కనిపిస్తే నడపకుండానే రిజెక్ట్ చేసేయొచ్చు కదా? మా కాలేజీలో సీనియర్లు అలాగే చేశారు. పని తేలిక.

ఎంవీపీ కాలనీ:

ఆ దారి వద్దు తమ్ముడూ. పైథాన్‌లో మాడ్యూల్ పేరును రెండు ముక్కలుగా రాసి నడిచేటప్పుడు అతికించుకోవచ్చు. సీలో ఇన్‌లైన్ అసెంబ్లీతో (ప్రాసెసర్ భాషలో రాసిన ముక్కతో) సిస్టమ్ కాల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపు) నేరుగా చేస్తే నువ్వు వెతికే మాట ఒక్కటి కూడా కోడ్‌లో కనిపించదు. భాష లోపలే గోడ కట్టాలని పెద్దవాళ్లే ప్రయత్నించి వదిలేశారు. పైథాన్‌తో పాటే వచ్చిన రెక్సెక్ (rexec) అనే మాడ్యూల్‌ను 2.3లో పనిచేయకుండా ఆపేశారు, పైథాన్ 3లో తీసేశారు. నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) చాలామంది వాడిన వీఎం2 లైబ్రరీని దాని రచయితలే 2023లో ఆపేశారు, తప్పించుకునే దారులు ఒకదాని వెంట ఒకటి బయటపడుతుంటే. పైగా వేరియబుల్‌కి సిస్టమ్ అని పేరు పెట్టుకున్న అమాయకుడికి సున్నా వస్తుంది.

మధురవాడ గారికి ఒక మాట. కొత్త టెస్టుల సంగతి తర్వాత. ముందు ఉన్న టెస్టులు ఎందుకు గ్రీన్ అవుతున్నాయో చూడండి. ఒక్కో రక్షణను తీసేసి, దానికి సంబంధించిన టెస్టు రెడ్ అవుతుందో లేదో చూడాలి. నెట్‌వర్క్ ఆఫ్ అన్న సెట్టింగ్ తీసేయండి, నెట్‌వర్క్ టెస్టు రెడ్ కావాలి. ప్రాసెస్‌ల పరిమితి తీసేయండి, ఫోర్క్ బాంబు టెస్టు రెడ్ కావాలి. గోడ తీసేసినా గ్రీన్‌గానే ఉంటే ఆ టెస్టు ఇన్నాళ్లూ దేన్నీ చూడలేదన్నమాట. కరెంటు పోయినప్పుడు వైరు పట్టుకుని షాక్ కొట్టలేదు కాబట్టి ఇన్సులేషన్ బాగుందనడం లాంటిది అది.

ఈ పని కాలేజీ సర్వర్ మీద మాత్రం చేయకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) పెట్టుకుని, చెడితే వెనక్కి వెళ్లడానికి స్నాప్‌షాట్ తీసుకుని అందులో చేయండి.

మధురవాడ ల్యాబ్:

మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. నెట్‌వర్క్ ఆన్ చేసినా గూగుల్ టెస్టు గ్రీన్‌గానే ఉంది! మా క్యాంపస్ నెట్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ద్వారా వెళ్తుంది, ప్రాక్సీ సెట్టింగ్ లేని ప్రోగ్రాంకి బయటి పేజీలు ఎలాగూ రావు. ఫోర్క్ బాంబు సంగతీ అంతే, పరిమితి తీసేసినా గ్రీన్. షాడో ఫైల్‌కి ఏ గోడ తీయాలో అర్థం కాలేదు.

ఎంవీపీ కాలనీ:

ఒక్కొక్కటిగా చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

నెట్‌వర్క్. బయటి సైటు మీద ఆధారపడే టెస్టు వద్దు. హోస్ట్ మెషీన్ (కంటైనర్లను నడిపే అసలు సర్వర్) మీదే ఒక పోర్టు (నెట్‌వర్క్ తలుపు) తెరిచి వింటూ ఉండండి. కంటైనర్ లోపలి ప్రోగ్రాం దాన్ని తాకడానికి ప్రయత్నించాలి. డాకర్ మామూలు బ్రిడ్జ్‌లో (కంటైనర్లను కలిపే లోపలి నెట్‌వర్క్‌లో) హోస్ట్ అడ్రసు సాధారణంగా 172.17.0.1. నెట్‌వర్క్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ పోర్టుకి కనెక్షన్ రావాలి, ఆఫ్‌లో రాకూడదు. తీర్పు చెప్పాల్సింది హోస్ట్ మీద వింటున్నవాడు. "నాకు కనెక్షన్ దొరకలేదు" అని లోపలి ప్రోగ్రాం చెప్పే మాట మీద టెస్టు నిలబడకూడదు. రేపు దీన్ని క్లౌడ్‌కి మారిస్తే 169.254.169.254 అడ్రసును కూడా తాకి చూడండి. క్లౌడ్ మెషీన్ తన వివరాలు అడిగి తెలుసుకునేది అక్కడే, అమరికను బట్టి అకౌంట్ తాత్కాలిక తాళాలు (పాస్‌వర్డుల్లాంటి కీలు) కూడా అక్కడ దొరుకుతాయి.

ఫోర్క్ బాంబు. మీ దగ్గర దాన్ని ఆపింది బహుశా 2 సెకన్ల టైమ్ లిమిట్. ప్రాసెస్‌ల పరిమితి కాదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. పోటీ మొదలైన మొదటి పది నిమిషాల్లో అందరూ ఒకేసారి సబ్మిట్ కొడతారు. ఆ 2 సెకన్లలో బాంబు వేల ప్రాసెస్‌లు పుట్టిస్తే పక్కవాళ్ల మంచి ప్రోగ్రాములు కూడా టైమ్ అవుట్ అయిపోతాయి. సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపుకి హద్దులు పెట్టి లెక్కచూసే లైనక్స్ ఏర్పాటు) పిడ్స్ డాట్ ఈవెంట్స్ అనే ఫైల్ ఉంటుంది. పరిమితి తగిలిన ప్రతిసారీ అందులో లెక్క పెరుగుతుంది. టెస్టు చూడాల్సింది ఆ లెక్కను.

షాడో ఫైల్. కంటైనర్‌లో కనిపించేది ఆ ఇమేజ్‌లోని (కంటైనర్‌ను తయారుచేసే అచ్చులోని) షాడో ఫైల్, మీ సర్వర్‌ది కాదు. మామూలు యూజర్‌కి అది తెరుచుకోకపోవడం లైనక్స్ ఫైల్ అనుమతుల గొప్ప. శాండ్‌బాక్స్‌కి అందులో వాటా లేదు. బదులుగా హోస్ట్‌లో ఎవరైనా చదవగలిగే ఒక ఫైల్ పెట్టి, అందులో ఎక్కడా లేని ఒక వింత మాట రాయండి. లోపలి ప్రోగ్రాం కనిపించిన ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ మాట కోసం వెతకాలి, దొరకకూడదు.

సీతమ్మధార:

మేడమ్ చెప్పింది బాగుంది. నాది ఒక చిన్న ప్రశ్న, సరిపోయిన జవాబుల ఫైళ్లు ఎక్కడున్నాయి? ఇన్‌పుట్, అసలు అవుట్‌పుట్ రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఆ ఫోల్డర్‌నే కంటైనర్‌కి తగిలించే జడ్జిలు చూశాను. అలాంటిచోట కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను) పగలగొట్టాల్సిన పనే లేదు. పక్క ఫైల్ తెరిచి ప్రింట్ చేస్తే ఫుల్ మార్కులు. పోటీకి వచ్చే కుర్రాడు ముందు ప్రయత్నించేది అదే.

మధురవాడ ల్యాబ్:

సీతమ్మధార గారూ, సరిగ్గా అలాగే ఉంది. ఈ రోజే మారుస్తాను. ఇన్‌పుట్ ఒక్కటే లోపలికి పంపి, పోల్చడం బయట చేస్తాను.

ఎంవీపీ కాలనీ:

మంచిది. ఒక సబ్మిషన్ తర్వాత ఇంకో సబ్మిషన్ నడిపి, మొదటిది టెంప్ ఫోల్డర్‌లో వదిలిన ఫైల్ రెండోదానికి కనిపిస్తుందేమో కూడా చూడండి.

ఇక మీ జాబితాలో లేనివి.

టైమ్ లిమిట్ ఎలా అమలు చేస్తున్నారు? డాకర్ రన్ కమాండ్‌ను పైథాన్ నుంచి పిలిచి, 2 సెకన్లు దాటగానే ఆ కమాండ్‌ను కిల్ చేస్తున్నట్లయితే జాగ్రత్త. చచ్చేది కమాండే, కంటైనర్ బతికే ఉంటుంది. టెస్టులన్నీ అయ్యాక నడుస్తున్న కంటైనర్ల జాబితా తీయండి, ఒక్కటీ ఉండకూడదు. కంటైనర్ పేరు పట్టుకుని దాన్నే కిల్ చేయాలి. అందులోని మొదటి ప్రాసెస్ పోతే, అది పుట్టించిన పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెలే చంపేస్తుంది. పుట్టి, తల్లి నుంచి విడిపోయి, తెర వెనక్కి పోయే ప్రోగ్రాం ఒకటి రాసి దీన్ని పరీక్షించండి. ఏమీ చేయకుండా నిద్రపోయే ప్రోగ్రాం కూడా ఉండాలి. సీపీయూ సమయం మాత్రమే లెక్కపెట్టే జడ్జిలో అది గంటలు గంటలు కూర్చుంటుంది.

మెమరీ టెస్టు రాసేటప్పుడు సీలో 1 జీబీ అడిగి ఊరుకోకండి. అడిగినంత మాత్రాన లైనక్స్ అసలు మెమరీ ఇవ్వదు, రాసినప్పుడే ఇస్తుంది. ప్రతి పేజీలోనూ ఒక బైటు రాస్తేనే సీగ్రూప్ లెక్కలోకి వస్తుంది. ఇంకోటి, డాకర్‌లో మెమరీ 256 అని మాత్రమే ఇచ్చి స్వాప్ (మెమరీకి బదులు వాడే డిస్క్ చోటు) సంగతి చెప్పకపోతే, హోస్ట్‌లో స్వాప్ ఉన్నప్పుడు ఇంకో 256 స్వాప్‌లో వాడుకోనిస్తుంది. అంటే 400 ఎంబీ నింపే ప్రోగ్రాం చావకుండా నత్తనడక నడుస్తుంది. 300, 400, 600 ఎంబీలతో విడివిడిగా చూడండి.

అవుట్‌పుట్ వరద. ఆగకుండా ప్రింట్ చేసే రెండు లైన్ల ప్రోగ్రాం చాలు. లోపల ఎన్ని గోడలున్నా, వచ్చిందంతా మెమరీలో పోగేసుకునే మీ జడ్జి ప్రోగ్రామే ముందు కూలుతుంది. డాకర్ కూడా ఆ అవుట్‌పుట్‌ను హోస్ట్ డిస్క్ మీద లాగ్‌గా రాసుకుంటుంది, మామూలు అమరికలో ఆ లాగ్‌కి హద్దు లేదు. 10 ఎంబీ దాటగానే చదవడం ఆపి కంటైనర్‌ను చంపేయండి. దీనికి తోడు లక్షల ఖాళీ ఫైళ్లు పుట్టించే టెస్టు ఒకటి. సైజు హద్దు మాత్రమే ఉంటే అది ఖాళీ ఫైళ్లను ఆపదు, డిస్క్‌లో చోటుంటుంది కానీ ఐనోడ్లు (ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోతాయి.

గాజువాక:

మేడమ్, కంపైల్ చేయడం హోస్ట్‌లోనే చేసి, తయారైన బైనరీ మాత్రం కంటైనర్‌లో నడిపితే స్పీడ్ కదా? మేం అలాగే చేస్తున్నాం.

ఎంవీపీ కాలనీ:

స్పీడే, కానీ సగం తలుపు తెరిచి పెట్టుకున్నారు. సీ ప్రోగ్రాంలో హెడర్ బదులు హోస్ట్‌లోని ఏదో ఫైల్‌ను ఇన్‌క్లూడ్ చేస్తే, కంపైలర్‌కి అది అర్థం కాక ఎర్రర్ మెసేజ్‌లో ఆ ఫైల్ లైన్లు అచ్చువేసి చూపిస్తుంది. పిల్లలకు ఎర్రర్ చూపించాలి కదా, అలా మీ ఫైల్ వాళ్ల స్క్రీన్ మీదికి వెళ్తుంది. డెవ్ జీరో లాంటి అంతులేని ఫైల్‌ను ఇన్‌క్లూడ్ చేస్తే కంపైలర్ మెమరీ తింటూ పోతుంది. సీ ప్లస్‌ప్లస్ టెంప్లేట్లతో నాలుగు లైన్ల కోడ్ రాసి కంపైలర్‌ను నిమిషాల తరబడి తిప్పొచ్చు. కంపైల్ కూడా అదే గోడల మధ్య, తనదైన టైమ్, మెమరీ హద్దులతో నడవాలి. ఈ మూడింటికీ మూడు టెస్టులు.

సీతమ్మధార:

ఇవన్నీ దాటాక కూడా కెర్నెల్ ఒకటే కదా మేడమ్. డాకర్ అంటే హోస్ట్ కెర్నెల్‌నే అందరూ పంచుకోవడం. 2019లో రన్‌సీ (కంటైనర్‌ను మొదలుపెట్టే డాకర్ భాగం) లోపం, లోపాల జాబితాలో సీవీఈ-2019-5736, కంటైనర్‌లోంచి హోస్ట్ మీది రన్‌సీ ఫైల్‌నే మార్చేయగలిగేది. 2022లో డర్టీ పైప్ అనే లోపం నేరుగా కెర్నెల్‌లోనే. వీటికి టెస్టు ఎలా రాస్తాం?

ఎంవీపీ కాలనీ:

రాయలేం. టెస్టుతో పట్టుకోగలిగేది తెలిసిన దారులనే. కెర్నెల్, డాకర్ అప్‌డేట్‌లో ఉన్నాయా అని పోటీ ముందురోజు చూసే చెక్ ఒకటి పెట్టుకోవచ్చు. డాకర్ సాకెట్ (డాకర్‌కి ఆజ్ఞలిచ్చే దారి) కంటైనర్ లోపలికి తగిలించలేదని, ప్రివిలేజ్డ్ మోడ్ (అధికారాలన్నీ ఇచ్చేసేది) లేదని, లోపల యూజర్ రూట్ (సర్వాధికారి) కాదని టెస్టులో చూడొచ్చు. ఈ మూడింట్లో మొదటి రెంటిలో ఏ ఒక్కటి తప్పినా లోపలివాడికి హోస్ట్ తాళం ఇచ్చేసినట్టే, అప్పుడు కెర్నెల్ లోపం దాకా పోనక్కర్లేదు.

మిగిలింది నష్టం తగ్గించుకోవడం. జడ్జి నడిచే మెషీన్ మీద మార్కుల డేటాబేస్, పిల్లల ఫోన్ నంబర్లు, వేరే సర్వర్లకు వెళ్లే తాళాలు, ఏవీ ఉండకూడదు. ప్రిన్సిపాల్ గారు అడిగితే "ఈ ఈ దారులు మూసి, మూసినట్టు రుజువు చూశాం. కొత్త లోపం ఏదైనా బయటపడితే పోయేది ఈ ఒక్క మెషీన్, దాన్ని గంటలో మళ్లీ నిలబెడతాం" అని చెప్పండి. అబద్ధం లేకుండా చెప్పగలిగేది అంతే.

ఇంకో గోడ కావాలంటే జీవైజర్ చూడండి. గూగుల్ 2018లో బయటపెట్టింది, సబ్మిషన్ చేసే సిస్టమ్ కాల్స్‌ను హోస్ట్ కెర్నెల్‌కి చేరకముందే తను పట్టుకుంటుంది. డాకర్‌లో రన్‌టైమ్ (కంటైనర్‌ను నడిపే భాగం) ఒక్కటి మారిస్తే చాలు. నిజంగా దాని లోపలే నడుస్తున్నారో లేదో తెలియాలంటే లోపల డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపే dmesg కమాండ్) కొట్టి చూడండి, మొదటి లైన్ "స్టార్టింగ్ జీవైజర్" అని వస్తుంది. చిన్న వర్చువల్ మెషీన్లలో నడిపే అమెజాన్ వాళ్ల ఫైర్‌క్రాకర్ ఇంకా గట్టిది, కానీ దానికి కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం) కావాలి. కాలేజీ సర్వర్ ఇప్పటికే ఒక వర్చువల్ మెషీన్ అయితే ఆ అనుమతి తెచ్చుకోవడం తలనొప్పి. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో వాడే ఐసొలేట్ అనే శాండ్‌బాక్స్ కూడా ఉంది, మీలాంటి పోటీల కోసమే రాసింది. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే చెబుతాను. మీకు నెలే ఉంది కాబట్టి డాకర్, జీవైజర్ చాలు.

మధురవాడ ల్యాబ్:

జీవైజర్ పెట్టాను, ఆ లైన్ కనిపించింది. నెట్‌వర్క్, ఫోర్క్ టెస్టులు మార్చాక గోడ తీస్తే రెడ్, పెడితే గ్రీన్ అవుతున్నాయి. రెండు కొత్త చిక్కులు వచ్చాయి. ప్రాసెస్‌ల పరిమితి 10 పెడితే జావా అసలు మొదలవడం లేదు. మెమరీ దాటినా, టైమ్ దాటినా ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ముగిశాక వచ్చే అంకె) 137 అనే వస్తోంది, పిల్లలకు ఏ కారణం చూపించాలి?

ఎంవీపీ కాలనీ:

ఆ పరిమితి థ్రెడ్లను (ఒక ప్రాసెస్ లోపల పక్కపక్కనే నడిచే పనులను) కూడా లెక్కపెడుతుంది. జావా హలో వరల్డ్‌కి కూడా వాడేసిన మెమరీ చెత్త ఏరడానికీ, కంపైల్ చేయడానికీ బోలెడు థ్రెడ్లు పుడతాయి. జావాకి 64తో మొదలుపెట్టి చూడండి, సీకి చిన్నదే ఉంచండి. పాత సెమిస్టర్లలో పాసైన మంచి సబ్మిషన్లు నాలుగు భాషల్లోవీ తీసుకుని, హద్దులు మార్చిన ప్రతిసారీ అవన్నీ మళ్లీ పాసవుతున్నాయో లేదో నడిపి చూసుకోండి.

137 అంటే 128కి 9 కలిపితే వచ్చింది, ఎవరో కిల్ సిగ్నల్ పంపారని మాత్రమే. పంపింది మీ జడ్జా, కెర్నెలా అనేది అది చెప్పదు. టైమ్ దాటినప్పుడు చంపేది మీ జడ్జే కాబట్టి అక్కడే గుర్తు రాసిపెట్టుకోండి. మెమరీ దాటితే సీగ్రూప్‌లోని మెమరీ డాట్ ఈవెంట్స్ ఫైల్‌లో ఊమ్ కిల్ (మెమరీ చాలక చంపడం) లెక్క పెరుగుతుంది. కంటైనర్ పోయాక ఆ ఫైల్ కూడా పోతుంది, అందుకే డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో ఊమ్ కిల్డ్ అన్న గుర్తు చూసి, ఆ తర్వాతే కంటైనర్‌ను తీసేయండి. జీవైజర్ కింద ఆ గుర్తు సరిగ్గా పడుతుందో లేదో కూడా మెమరీ నింపే టెస్టుతోనే తేల్చుకోండి.