బుంబరన్ పేరు మార్చడం న్యాయమేనా?

కగయాన్ సత్యం:
ఫిలిప్పీన్స్‌లోని మిందనావ్ దీవిలో, కగయాన్ దె ఓరోలో తొమ్మిదేళ్లుగా లెక్కల ఉద్యోగం చేస్తున్నాను. కిందటి నెల పని మీద బుకిద్నన్ వైపు నుంచి కొండదారిలో వావ్ అనే ఊరికి వెళ్లాను. దారిలో మరనావ్ ప్రజల చిన్న మునిసిపాలిటీ ఒకటి తగిలింది. మునిసిపాలిటీ అనగానే మన పట్టణం అనుకోకండి. అక్కడ అది కొన్ని పల్లెలు కలిసిన మండలం లాంటిది. పల్లెను బరంగాయ్ అంటారు. రోడ్డుకు ఒక పక్కంతా టార్పాలిన్లు పరిచి మొక్కజొన్న ఎండబోశారు. గింజల మధ్య ఒక కుక్క హాయిగా నిద్రపోతోంది, బండ్లు మాత్రం రెండో పక్కనే సర్దుకుని వెళ్తున్నాయి. ఒక కొట్టు బోర్డు మీద కొత్త రంగుతో 'అమై మనబిలాంగ్' అని ఉంది. ఆ రంగు కింద నుంచి పాత అక్షరాలు తొంగిచూస్తున్నాయి: 'బుంబరన్'.

ఆ పాత పేరు మామూలుది కాదు. మరనావ్‌ల మహాగాథ దరంగెన్‌లో వీరుడు బంతుగన్ రాజ్యం పేరు అదే. కొందరు బెంబరన్ అని పలుకుతారు. 17 భాగాలు, 72,000 పంక్తులు. యునెస్కో దాన్ని 2005లో మానవాళి మౌఖిక వారసత్వ కళాఖండంగా ప్రకటించింది, 2008లో జాబితాకెక్కించింది. అలాంటి పేరు చెరిపేసి ఒక మనిషి పేరు పెట్టుకున్నారు. నా మటుకు నాకు ఇది తప్పు. మీరేమంటారు?

మునసబు మనవరాలు:
తప్పు అనడానికి మనమెవరం? వాళ్ల ఊరు, వాళ్ల పేరు. ఇంకో మాట. 'పాత పేరు' అని తెగ బాధపడుతున్నారు గానీ, ఆ మునిసిపాలిటీ పుట్టిందే 1970ల్లో, మార్కోస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. ఆ పేరు ఊరికి వచ్చింది కూడా ప్రభుత్వ కాగితంతోనే. బంతుగన్ వచ్చి శంకుస్థాపన చేయలేదు కదా!

రాజమండ్రి రాణి:
బాగుంది చర్చ. ఇంతకీ అక్కడివాళ్లు నోటితో ఏమని పిలుస్తున్నారు?

వ్యాకరణం:
ఒక చిన్న సవరణ. 'అమై' అంటే మరనావ్ భాషలో 'ఫలానావారి తండ్రి' అని. బిడ్డ పేరు మీద తండ్రిని పిలవడం వాళ్ల మర్యాద. అందుచేత ఊరికి ఒక మనిషి పేరు పెట్టారనడం పొరపాటు. 'మనబిలాంగ్ వాళ్ల నాన్న' అని పెట్టారు.

కగయాన్ సత్యం:
వ్యాకరణంగారూ, తేడా ఏముందండీ, మనిషి మనిషే కదా.

మునసబు మనవరాలుగారూ, కాగితం మీద పెట్టినా ఆ పేరు వచ్చింది గాథలోంచి. ఆ గాథ ఎవరి సొత్తూ కాదు. పెళ్లిళ్లలో రాత్రుళ్ల తరబడి పాడతారు. పాడేవాళ్లకు అంతులేని జ్ఞాపకశక్తి ఉండాలి, వంశావళులు, ఆచార ధర్మాలు తెలిసి ఉండాలి. ఆ పాత మాటలు ఇప్పుడు పెద్దలకూ పండితులకూ తప్ప అర్థం కావడం లేదని, పాడటమే అరుదైపోయిందని యునెస్కోవాళ్లే రాశారు. పాట పోతున్న రోజుల్లో కనీసం ఊరి పేరైనా ఉంటే బడికెళ్లే పిల్లవాడు 'బుంబరన్ అంటే ఏమిటి' అని అడుగుతాడు కదా.

రామకథాప్రియుడు:
దరంగెన్‌కు సంస్కృత సంప్రదాయంతో బంధం ఉందని యునెస్కో పత్రంలోనే ఉంది. మరనావ్‌లకు సొంత రామకథ కూడా ఉంది, 'మహారదియా లవన'. లవన అంటే రావణుడే. ఇదంతా మనదేనని ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

మునసబు మనవరాలు:
ఆ కథలో లక్ష్మణ అనే పేరు కోతికి పెట్టారు, చదివారా? మనదే అయితే అలా పెట్టుకోనిస్తామా? కథ వాళ్లది. దయచేసి ఊరి పేరు దగ్గరికి రండి.

లెక్కల మాస్టారు:
ఆవేశాలు పక్కన పెట్టి చట్టం చూడండి. ఫిలిప్పీన్స్ 1991 స్థానిక పాలన చట్టం, 13వ సెక్షన్. బతికున్నవారి పేరు ఏ ఊరికీ పెట్టకూడదు. తగిన కారణం లేకుండా మార్చకూడదు, అదీ పదేళ్లకు ఒకసారికి మించకూడదు. ఊరి పేరు మారాలంటే ఆ ఊరివాళ్ల ఓటుతో ఆమోదం పొందాలి. ఇంత కట్టుదిట్టం మన దగ్గర ఉందా? పేర్లు మారడం ఆ ఊరున్న లనావ్ దెల్ సూర్ ప్రావిన్స్‌లో కొత్తేమీ కాదు. వాళ్ల పెద్ద నగరం మరావి 1956 దాకా దన్సలన్. పగయావన్ ఒకప్పుడు తతరికన్. పికాంగ్ అయితే ఇంతకుముందు సుల్తాన్ గుమందర్. అంటే అక్కడ మనిషి పేరు తీసేశారు కూడా.

కగయాన్ సత్యం:
అదిగో! పికాంగ్ గురించి చెప్పినందుకు ధన్యవాదాలు, మాస్టారూ. మనిషి పేరు తీయడం అక్కడ సాధ్యమే అన్నమాట. మరి ఇక్కడ ఎందుకు పెట్టారు? మనబిలాంగ్ అన్న ఇంటిపేరు ఆ ఊరి మేయర్ కుర్చీలోనూ కనిపించింది. ఓటు అంటారా? పెద్ద కుటుంబం మాటే చెల్లే చోట ఓటుకు విలువెంతో నాకు తెలియనిది కాదు.

పైగా అమెరికా సైనికాధికారి జాన్ పెర్షింగ్ 1902 నాటి సంగతుల గురించి రాసుకున్న జ్ఞాపకాల్లో అమై మనబిలాంగ్ అనే పెద్దమనిషి వస్తాడు. లనావ్ సరస్సు ఉత్తరపు ఒడ్డున పలుకుబడి ఉన్నవాడు, పెర్షింగ్‌తో స్నేహం చేసినవాడు. అమై పక్‌పక్ అలా కాదు. 1895లో స్పెయిన్ సైన్యంతో పోరాడి కోటలో ప్రాణం విడిచాడు. మరావిలో ఆసుపత్రికి ఆయన పేరుంది, అది అర్థమవుతుంది. స్నేహం చేసినవాడికీ, చచ్చిపోయినవాడికీ ఒకే గౌరవమా?

వ్యాకరణం:
ఆ అమై మనబిలాంగే ఈ అమై మనబిలాంగ్ అని ఎలా అన్నారు? మళ్లీ చెబుతున్నాను, అది ఆయన సొంత పేరు కాదు. మనబిలాంగ్ అనే బిడ్డ ఉన్న ప్రతి తండ్రీ అమై మనబిలాంగే.

మునసబు మనవరాలు:
'స్నేహం చేసినవాడు' అని ఎంత తేలికగా అనేశారు సత్యంగారూ! అదే 1902 మే 2న సరస్సు దక్షిణపు ఒడ్డున బయాంగ్ కోట మీద అమెరికన్లు ఫిరంగులతో పడ్డారు. సుల్తాన్ చచ్చిపోయాడు, ఆయన మనుషులు గుట్టలుగా పడిపోయారు. అలాంటి రోజుల్లో బతికి ఉన్నవాళ్ల తరఫున ఎవరో ఒకరు వెళ్లి మాట్లాడాలి కదా. చచ్చినవాడు వీరుడు సరే. ఊరిని బతికించుకున్నవాడు ద్రోహి ఎలా అవుతాడు?

వంశం అంటే వాళ్లకు మనం అనుకునే గొప్పలు కాదు. సల్సిల అని వంశావళి ఉంటుంది, ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో ఉంటుంది. మరతబత్ అని ఒక మాట ఉంది, పరువు అనుకోండి. దానికోసం కుటుంబాలు తరాల పాటు కొట్టుకున్నాయి, ఆ కక్షలకు రిదో అని పేరు. అలాంటి చోట తాత పేరు ఊరికి ఉండటం ఎంత పెద్ద విషయమో కగయాన్‌లో ఏసీ గదిలో కూర్చుంటే తెలియదు.

కగయాన్ సత్యం:
ఏసీ గదా? మా ఇంటికి రండి, చూపిస్తాను. ఉన్నది ఒక ఫ్యాను, దానికీ ఒక రెక్క విరిగింది.

తెలియదంటున్నారు గనుక చెబుతున్నాను. మా ఊరి చెరువు మా తాతల కాలంలో ఊరంతా కలిసి తవ్వారు. ఇంటికొక మనిషి, రోజుకొక తట్ట లెక్క. మా నానమ్మ కడుపుతో ఉండి కూడా మట్టి మోసింది. మా చిన్నప్పుడు అది గంగమ్మ చెరువు. ఇప్పుడు గట్టు మీద సిమెంటు దిమ్మె కట్టి ఒక దొరగారి పేరు చెక్కారు. ఆయన ఆ రోజుల్లో చేసిందల్లా గొడుగు కింద నిలబడి ఎవరి తట్ట ఖాళీగా ఉందో చూడటం. ఇప్పుడు మా అన్నయ్య కొడుకు కూడా ఆ చెరువును ఆయన పేరుతోనే పిలుస్తున్నాడు.

బెజవాడ బాబాయ్:
సత్యం, నువ్వు బుంబరన్ గురించి మొదలుపెట్టలేదు నాయనా.

మునసబు మనవరాలు:
మొదటి నుంచీ నాకు అదే అనుమానం. మీ దొర మీద కోపాన్ని తీసుకెళ్లి ఎక్కడో కొండ మీద మరనావ్ తండ్రి నెత్తిన రుద్దుతున్నారు.

కగయాన్ సత్యం:
మరి మీకెందుకంత పట్టుదల? మీ పేరులోనే మునసబు ఉన్నాడు.

మునసబు మనవరాలు:
ఉన్నాడు, దాచుకోలేదు. మా తాత బడికి రెండెకరాలు రాసిచ్చాడు. నేను అదే బడిలో అయిదో తరగతి దాకా చదివాను. గుమ్మం మీద ఆయన పేరు చూసి లోపలికి వెళ్లేదాన్ని. కొత్త భవనం కట్టినప్పుడు ఆ పేరు తీసేసి, మా ఊళ్లో ఒక్క రాత్రి కూడా పడుకోని నాయకుడి పేరు పెట్టారు. పాత పలకను ఎక్కడ పడేశారో కూడా ఎవరూ చెప్పలేదు. మా అమ్మ రెండుసార్లు వెళ్లి అడిగింది. అందుకని తాత పేరు నిలబెట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు నిండుతుంది. తప్పా?

కగయాన్ సత్యం:
తప్పు కాదు. కానీ రెండెకరాలు ఇచ్చినవాడి పేరు గుమ్మం మీద ఉంటే, గోడ కట్టినవాళ్ల పేరు ఎక్కడ ఉండాలి? నేను అడిగేది మొదటి నుంచీ అదే. గాథ పేరైతే ఏ ఇంటికీ చెందదు. అందరిదీ అవుతుంది.

మునసబు మనవరాలు:
అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని పేరును ఎవడైనా తీసేస్తాడు, అడిగేవాడు ఉండడు. మీ గంగమ్మ చెరువును చూడండి. అడిగారా ఎవరైనా?

లెక్కల మాస్టారు:
13వ సెక్షన్ మళ్లీ ఒకసారి చదవమని మనవి.

వ్యాకరణం:
అది ఆ తండ్రి సొంత పేరు కాదని నేను చెప్పినదానికి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు.

రాజమండ్రి రాణి:
నేను అడిగినదానికి కూడా. అక్కడివాళ్లు నోటితో ఏమని పిలుస్తున్నారండీ?

కగయాన్ సత్యం:
క్షమించండి, చూసుకోలేదు. వ్యాను డ్రైవరు బేరం కోసం 'బుంబరన్, బుంబరన్' అని అరిచాడు. కొట్లో ఇచ్చిన రసీదు మీద అమై మనబిలాంగ్ అని ఉంది. మొక్కజొన్న తిరగేస్తున్న ఒక పెద్దావిడను 'ఇది ఏ ఊరమ్మా' అని అడిగాను. ఆవిడ రెండూ చెప్పలేదు. తన బరంగాయ్ పేరు చెప్పింది.

రాజమండ్రి రాణి:
ఏమని చెప్పింది?

కగయాన్ సత్యం:
రాసుకోలేదండీ.