కెన్యా, ఉగాండా, టాంజానియా ఒకే దేశమైతే?

కంపాలా కాకినాడోడు:
ఎనిమిదేళ్లుగా ఉగాండా రాజధాని కంపాలాలో మందుల వ్యాపారంలో పనిచేస్తున్నాను. నెలకోసారి బస్సులో కెన్యా రాజధాని నైరోబీ వెళ్లొస్తాను. బుసియా సరిహద్దులో రెండు దేశాల అధికారులూ ఒకే హాల్లో కూర్చుంటారు. ఒకాయన పొమ్మని ముద్ర వేస్తాడు, పక్కాయన రమ్మని వేస్తాడు. బయటికి రాగానే నోట్ల కట్టలతో మారకం వాళ్లు చుట్టుముడతారు. వెయ్యి కెన్యా షిల్లింగులిస్తే ఇరవై వేల పైచిలుకు ఉగాండా షిల్లింగులు చేతిలో పెడతారు. రెండిటి పేరూ షిల్లింగే! 1960ల మధ్య దాకా ఈ రెండు దేశాల్లోనూ, టాంజానియాలోనూ ఒకటే షిల్లింగు చెల్లేది. రైళ్లు, పోస్టు, విమానాలూ ఉమ్మడివే.

ఇప్పటి తూర్పు ఆఫ్రికా కూటమిలో ఎనిమిది దేశాలున్నాయి. 2005లో కస్టమ్స్ యూనియన్, 2010లో ఉమ్మడి మార్కెట్ వచ్చాయి. ఉమ్మడి కరెన్సీ 2024కల్లా అన్నారు, ఇప్పుడు 2031 అంటున్నారు. ఇలా మెట్టు మెట్టుగా అయ్యే పని కాదు, ముందు ఫెడరేషన్, అంటే అందరి మీదా ఒకే కేంద్ర ప్రభుత్వం, పెట్టేయాలని నా వాదన. 1963 జూన్‌లో కెన్యా నేత కెన్యాటా, టాంగన్యికా (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) నేత న్యెరేరే, ఉగాండా నేత ఒబోటే కూర్చుని సరిగ్గా ఆ మాటే ప్రకటించారు కదా.

మూడో సీటు:
ప్రకటించారు, చేయలేదు. 1967లో పెట్టుకున్న కూటమి పదేళ్లకే కూలింది. ఫ్యాక్టరీలు, లాభాలు కెన్యాకే పోతున్నాయని మిగతా ఇద్దరి గొడవ. 1971లో ఉగాండాలో సైనిక కుట్రతో అమీన్ గద్దెనెక్కాక అతనితో ఒకే బల్ల దగ్గర కూర్చోనన్నాడు న్యెరేరే. 1977లో టాంజానియా మూసిన కెన్యా సరిహద్దు 1983 దాకా తెరుచుకోలేదు. మీరు బుసియా హాలు చూస్తున్నారు, కాంగోలోని గోమా నగరం చూడండి. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారుల చేతికి పోయింది. వాళ్ల వెనక రువాండా ఉందని కాంగో అంటోంది, ఐరాస నిపుణులూ అదే రాశారు, రువాండా కాదంటోంది. ఇద్దరూ మీ కూటమి సభ్యులే. వీళ్లకి ఒకే సైన్యమా?

కంపాలా కాకినాడోడు:
గోమా విషయంలో మీ మాట కాదనలేను. అందుకే ఎనిమిదింటినీ కలపమనడం లేదు, పాత మూడూ చాలు. కానీ 1977 నా వైపు సాక్ష్యమే. అప్పుడు విమానాలూ రైళ్లూ ఉమ్మడి, తగువు తీర్చే పెత్తనం మాత్రం ముగ్గురు అధ్యక్షులది. ఇద్దరికి మాటల్లేకపోతే అంతా ఆగిపోయింది. 2008 జనవరి సంగతీ చూడండి. కెన్యా ఎన్నికల గొడవల్లో నైరోబీలో రైలు పట్టాలు పీకేశారు, ఇక్కడ ఉగాండాలో పెట్రోలుకి కటకట. కెన్యాలోని మొంబాసా రేవు మీద బతికే ఉగాండా వాడికి ఆ ఎన్నికల్లో ఓటు లేదు, దెబ్బ మాత్రం పడింది.

దార్ నుంచి:
ఇద్దరూ నేనుండే టాంజానియాని మర్చిపోయారు. టాంగన్యికా, జాంజిబార్ దీవులు 1964 ఏప్రిల్ 26న కలిశాయి. ఇప్పటికీ జాంజిబార్‌కి వేరే అధ్యక్షుడు, వేరే అసెంబ్లీ. టాంగన్యికాకి సొంత ప్రభుత్వమే లేదు. దార్ ఎస్ సలామ్ నుంచి వెళ్లి జాంజిబార్‌లో ఫెర్రీ దిగితే మాలాంటి విదేశీయుల్ని మళ్లీ పాస్‌పోర్టు అడుగుతారు, ఒకే దేశంలో! టాంగన్యికాకి, జాంజిబార్‌కి, మొత్తం దేశానికి కలిపి మూడు ప్రభుత్వాలుండాలని కొత్త రాజ్యాంగం ముసాయిదాలో వారియోబా కమిషన్ రాస్తే 2014లో పాలక పార్టీ పడనివ్వలేదు. కంపాలా గారూ, ఇద్దరి కాపురమే ఇలా ఉంటే, మీ లెక్కలో జాంజిబార్ ఎవరి కింద ఉంటుంది? దార్ కిందా, నేరుగా ఫెడరేషన్ కిందా?