మయోనైజ్ లేకుండా వేసవి పిక్నిక్‌కు సలాడ్‌లు: నీరు ఊరకుండా, చప్పబడకుండా ఎలా చేయాలి?

ప్రశ్న

వచ్చే ఆదివారం మేము 20 మందిమి కలిసి పిక్నిక్‌కు వెళ్తున్నాము. సలాడ్‌ల బాధ్యత నేను తీసుకున్నాను. మాలో ఇద్దరికి గుడ్డు పడదు కనుక మయోనైజ్ వాడకూడదని ముందే నిర్ణయించుకున్నాను. పైగా మయోనైజ్ లేని సలాడ్ ఎండలో ఎంతసేపున్నా పాడవదని చాలామంది చెప్పగా విన్నాను. అయితే కిందటి వేసవిలో ఇదే ప్రయత్నం చేసినప్పుడు నాకు చాలా నిరాశే మిగిలింది. ఉదయం 6 గంటలకు ఉడికించిన బంగాళాదుంపలు, కీరదోస, టమాటా ముక్కలు కలిపి, నూనె, నిమ్మరసం పోసి డబ్బాలో సర్దాను. మధ్యాహ్నం 1 గంటకు మూత తీసేసరికి అడుగున వేలెడు లోతున నీరు నిలిచి ఉంది. పైన చల్లిన కొత్తిమీర నల్లబడింది, దుంప ముక్క కొరికితే లోపల ఉప్పు గానీ పులుపు గానీ తగలలేదు.

నీరు ఊరకుండా ఏం చేయాలి? దుంపకు రుచి పట్టేదెలా? మయోనైజ్ ఇచ్చే చిక్కదనాన్ని దేనితో తీసుకురావచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ సలాడ్‌లో లోపం దినుసులది కాదండీ, వాటిని కలిపిన వేళది. ఉప్పు తగిలిన కీరదోస, క్యాబేజీ, టమాటా తమలోని నీటిని వదలక మానవు. ఆ నీరు డబ్బాలోకి రాకముందే మనం రప్పించి పారబోయాలి. కీరదోసను నిలువుగా చీల్చి, మధ్యనున్న గింజల భాగాన్ని చెంచాతో గీకివేయండి. ముక్కలకు ఉప్పు పట్టించి జల్లెడలో అరగంట ఉంచి, ఆపైన శుభ్రమైన గుడ్డలో వేసి పిండండి. క్యాబేజీకీ ఇదే పద్ధతి. సన్నగా తరిగిన కిలో క్యాబేజీకి రెండు టీస్పూన్ల ఉప్పు సరిపోతుంది. పిండిన తరువాత ముక్క మెత్తబడినట్లు కనిపించినా, కొరికితే కరకరలాడుతుంది. టమాటాను మాత్రం విడిగా తీసుకువెళ్లి అక్కడే కోయడం మేలు.

ఇక దుంపల సంగతి. ఉడికితే పిండిగా విడిపోయే రకం కాకుండా, ముక్క గట్టిగా నిలిచే రకాన్ని ఎంచుకోండి. చన్నీళ్లలో ఉప్పు వేసి, అందులోనే దుంపలను పెట్టి ఉడికిస్తే లోపలా బయటా ఒకే తీరుగా ఉడుకుతాయి. చెయ్యి కాలుతున్నంత వేడి మీదే తొక్క తీసి ముక్కలు కోసి, కిలో దుంపలకు మూడు టేబుల్ స్పూన్ల వెనిగర్, కొద్దిగా ఉప్పు చల్లండి. ఆ వేడిలో వెనిగర్ ముక్క లోపలికి ఇంకడం కంటికి కనిపిస్తుంది: తడిగా మెరిసిన ముక్క రెండు నిమిషాల్లో మళ్లీ పొడిగా మారుతుంది. నూనె ఆ తరువాతే పోయాలి, ఎందుకంటే ముందు నూనె తగిలితే అది ముక్క చుట్టూ పొరలా పట్టి పులుపును లోపలికి పోనివ్వదు. మీ దుంపలు చప్పగా మిగలడానికి ఇదే కారణమై ఉంటుంది.

డ్రెస్సింగ్‌కు మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ లేదా నిమ్మరసం సాధారణ లెక్క. అందులో ఒక చెంచా మస్టర్డ్ పేస్ట్ వేసి, మూత బిగించిన సీసాలో గట్టిగా కుదిపితే నూనె, పులుపు కలిసి కాసేపు విడిపోకుండా నిలుస్తాయి. చల్లని పదార్థంలో ఉప్పు, పులుపు తక్కువగా తెలుస్తాయి కనుక సలాడ్ పూర్తిగా చల్లబడ్డాక మరొకసారి రుచి చూసి సరిచేయండి.

రెండవ సమాధానం

రుచి గురించి పైవారు చక్కగా చెప్పారు. అయితే మీరు విన్నానన్న ఆ మాటను నమ్మవద్దని గట్టిగా చెప్పవలసి ఉంది. సీసాల్లో అమ్మే మయోనైజ్‌లో వెనిగరో నిమ్మరసమో ఉండడం వల్ల అది పుల్లగా ఉంటుంది, ఆ పులుపులో సూక్ష్మజీవులు సులభంగా పెరగవు. (పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసినదాని సంగతి వేరు, దానిలో సాల్మొనెల్లా అనే, కడుపును పాడుచేసే సూక్ష్మజీవి భయం ఉంటుంది.) సలాడ్‌లో త్వరగా పాడయ్యేవి ఉడికిన దుంపలు, పాస్తా, అన్నం, మాంసం, గుడ్లు. అందువల్ల మయోనైజ్ తీసేసినా ప్రమాదం పోదు. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక, వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు; వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువు. కిందటిసారి మీ డబ్బా ఐస్ లేకుండా ఏడు గంటలు ఉన్నట్లయితే, ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టమే.

పాస్తా, అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటిలోనూ చావవు. నిదానంగా చల్లారే కుండలో అవి మళ్లీ మొలకెత్తి, తిరిగి వేడిచేసినా విరగని విషాన్ని తయారుచేయగలవు. కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. సలాడ్‌ను ముందురోజు రాత్రంతా చల్లబరచి, ఐస్ పెట్టెలో డబ్బాల కిందా పైనా ఐస్ ప్యాకులు పెట్టి సర్దండి. పానీయాలకు వేరే పెట్టె ఉండాలి, లేకపోతే పిల్లలు మాటిమాటికీ మూత తీసి చల్లదనమంతా పోగొడతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. అవునండీ, ఐస్ పెట్టలేదు. ఆ మాట చదివాక మనసు కలుక్కుమంది. ఈసారి ఆ పొరపాటు జరగనివ్వను. చిక్కదనం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడవ సమాధానం

నేను ఎక్కువగా రెండు పద్ధతులు వాడతాను. పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వేలాడదీస్తే నీరు దిగిపోయి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. అందులో వెల్లుల్లి, మిరియాల పొడి, కొద్దిగా నూనె కలిపితే దుంపలకు, క్యాబేజీకి చక్కగా పట్టుకుంటుంది. ఇది కూడా ఐస్ మీదే ఉండాలి.

రెండవది నువ్వుల ముద్ద. నిమ్మరసం పోయగానే అది బిగుసుకుపోయి, విరిగినట్లు పలుకులు కడుతుంది. మొదటిసారి నేను పాడైందనుకుని పారబోశాను. అలా చేయకుండా చెంచా చెంచాగా చన్నీళ్లు పోస్తూ కలపండి. కాసేపటికి తెల్లబడి, గరిటె నుంచి ధారగా జారుతుంది. ఉడికించిన శనగలు, కాల్చిన వంకాయ, క్యారెట్ తురుము ఉన్న సలాడ్‌కు ఇంతకు మించిన తోడు లేదని నా అభిప్రాయం. కానీ నువ్వులు, మస్టర్డ్ కూడా కొందరికి పడవు. గుడ్డు పడని ఆ ఇద్దరినీ, మిగిలినవారినీ ముందుగానే అడిగి తెలుసుకోండి, ప్రతి డబ్బా మీద అందులో ఏమున్నదీ రాసి అంటించండి.

మరొక మాట: కొత్తిమీర, పుదీనా, ఆకుకూరలను పొడిగా వేరే డబ్బాలో తీసుకువెళ్లి, వడ్డించే ముందే కలపండి. పులుపు తగిలిన ఆకు గంటలోనే వాడి నల్లబడుతుంది.