ఆంప్లిఫయర్ రొదకు ఫిల్టర్ పెట్టాలా, ఎర్త్ సరిచేయాలా?

కావలి_సెడాన్:
పాత సెడాన్‌లో నాలుగు ఛానెళ్ల ఆంప్, సబ్ (బేస్ స్పీకర్) వేయించి నెలైంది. ఇంజన్ ఆపి వింటే పాట శుభ్రంగా ఉంటుంది. స్టార్ట్ చేస్తే స్పీకర్లలో కుయ్‌మని సన్నటి రొద. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ పైకి లేస్తుంది. హైవే మీద నెల్లూరు చేరేసరికి తలనొప్పి. బిగించినాయన గ్రౌండ్ లూప్ ఫిల్టర్ కొనమంటున్నాడు. కొనాలా?

నెల్లూరు_మూలపేట:
కొనేయండి. నా బండిలోనూ ఇదే రొద. స్టీరియోకీ ఆంప్‌కీ మధ్య ఫిల్టర్ తగిలిస్తే పది నిమిషాల్లో పోయింది. సీట్లు ఊడదీసి వైర్లు మళ్లీ లాగే ఓపిక అందరికీ ఉండదు కదా.

కొత్తపట్నం_గాలి:
ఆగండి బ్రదర్, ఇప్పుడే కొనొద్దు. ఇంజన్‌తో పాటు పెరిగే రొద ఆల్టర్నేటర్‌ది, అంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేదాన్నుంచి వచ్చేది. డయోడ్లు దాని కరెంటును డీసీగా మార్చినా కొంచెం అల మిగులుతుంది. ఎర్త్ అంటే బండి రేకుకు బిగించే నెగటివ్ వైరు. స్టీరియో ఎర్త్‌కీ ఆంప్ ఎర్త్‌కీ ఓల్టేజీ తేడా ఉంటే ఆ అల, స్టీరియో నుంచి ఆంప్‌కు పాట మోసే ఆర్‌సీఏ వైరు గుండా పాటలోకి దూరుతుంది. ఫిల్టర్ ఆ దారి మూస్తుంది, చెడ్డ ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. పైగా చౌకరకం ఫిల్టర్‌లో ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ బేస్‌ను తినేస్తుంది. సబ్ కొన్నది దేనికి మరి?

మాది సముద్రం పక్క ఊరు. నా బండిలో రొద మొదలైనప్పుడు డిక్కీ మ్యాట్ ఎత్తి ఎర్త్ బోల్టు విప్పాను. రింగు కింద రేకు మీద పెయింటు చెక్కుచెదరలేదు. బోల్టు మరల నిండా ఎర్రటి తుప్పు, రింగు అంచున పచ్చటి పొడి. ఇన్నాళ్లూ కరెంటంతా ఆ తుప్పు మరల గుండానే వెళ్లింది! రేకు తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో గీకి, రింగు బిగించి, పైన గ్రీజు పూశాను. రొద పోయింది.

మీరు ముందు మల్టీమీటర్ డీసీలో పెట్టండి. ఒక ప్రోబ్ ఆంప్ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద. ఇంజన్ ఆన్‌లో, పాట గట్టిగా ఉండాలి. 0.1 ఓల్టు లోపుంటే మంచిది. అర ఓల్టు చూపిస్తే దొంగ దొరికినట్టే. ఆంప్ మీది గెయిన్ నాబ్ కూడా చూడండి, అది వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టేది, ఎక్కువ తిప్పితే రొదా పెరుగుతుంది. ఆంప్ ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ మాత్రం పీకొద్దు. కొన్ని స్టీరియోల్లో లోపలి సన్న ఫ్యూజు పోతుంది.

నెల్లూరు_మూలపేట:
మీటర్ మాట ఒప్పుకుంటాను. కానీ నాకు ఎర్త్ మార్చినా రొద పోలేదన్నా. నాకున్నవి డోర్ స్పీకర్లే, బేస్ తగ్గినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

కొత్తపట్నం_గాలి:
అన్నీ చూశాక పెట్టుకుంటే తప్పులేదు. చూడకుండానే అమ్మేస్తున్నారే, నా బాధ అది.

కావలి_సెడాన్:
ఆదివారం మీటర్ పెట్టాను. 0.7! ఎర్త్ వైరు సీటు బెల్టు బోల్టుకు బిగించారు. ప్రాణం కాపాడే బోల్టు అది, దానికింద రింగు ఎలా ఇరికించారో! బెల్టు బోల్టు మళ్లీ మెకానిక్ దగ్గర సరిగ్గా బిగించించాను. వైరును అర మీటరు లోపే వేరేచోట రేకు గీకి బిగించాను. ఇప్పుడు 0.04. రొద దాదాపు పోయింది, 3000 ఆర్‌పీఎం దాటితే సన్నగా వినిపిస్తోంది. మ్యాట్ కింద చూస్తే పవర్ వైరు, ఆర్‌సీఏ రెండూ ఒకే టేపుతో చుట్టి ఉన్నాయి. మిగిలిన రొద పవర్ వైరు నుంచే ఆర్‌సీఏలోకి ఎక్కుతోందేమో. వచ్చే ఆదివారం ఆర్‌సీఏను ఎడమ వైపు నుంచి లాగుతాను. ఫిల్టర్ ఇంకా కొనలేదు.